గుండు ఎత్తే తమ్ముడు స్ట్రాంగ్‌మ్యాన్ అవుతానంటున్నాడు. పని మానిపించొచ్చా?

పొదిలి_అన్న:
అందరికీ నమస్కారం. మా తమ్ముడి గురించి సలహా కావాలి. వాడికి 24 ఏళ్లు. చీమకుర్తి కాడ ఒక గ్రానైట్ యూనిట్లో లోడింగు పని చేస్తాడు. చిన్నప్పటి నుంచీ గట్టి ఒళ్లు. సంక్రాంతికి మా ఊరి రామాలయం ముందు రాతి గుండు ఎత్తే పందెం పెడితే కొన్నేళ్లుగా వాడిని కొట్టినోడు లేడు. నేల మీంచి లేపి, భుజానికెక్కించి, వెనక్కి వదిలేస్తాడు. చుట్టుపక్కల తిరనాళ్లకి కూడా పిలుస్తారు.

ఈమధ్య ఫోన్లో వరల్డ్స్ స్ట్రాంగెస్ట్ మ్యాన్ పోటీలు (లోకంలో అందరికంటే బలవంతుడెవరో తేల్చే స్ట్రాంగ్‌మ్యాన్ పోటీలు) చూసి, "అన్నా, వాళ్లు ఎత్తేదీ రాళ్లే గదా, నేను పని మానేసి దీనిమీదే ఉంటా" అంటున్నాడు. మా నాయనది పొగాకు సేద్యం. వాడి జీతం ఇంటికి కావాలి. అట్టని వాడి ఆశ తుంచేయడానికీ మనసు రావట్లేదు. ఆ ఒళ్లు అందరికీ దొరికేది కాదు.

దీన్నే వృత్తిగా పెట్టుకుని బతికేవాళ్లు నిజంగా ఉన్నారా? ఎన్నేళ్లు చేయగలరు? డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? మన ఒంగోలు పక్కన ఉండి మొదలుపెట్టడం అయ్యే పనేనా?

కావలి_సుడిగాలి:
ఎత్తెంత, బరువెంత అన్నా?

పొదిలి_అన్న:
5 అడుగుల 10 అంగుళాలు. 96 కిలోలు. పొట్ట లేదు.

కావలి_సుడిగాలి:
అయితే ఆలోచించొద్దు, వదిలేయ్ అన్నా. 24 ఏళ్లప్పుడు కాకపోతే ఇంకెప్పుడు? ఎడ్డీ హాల్ ఇంగ్లండులో లారీలు బాగుచేసే మెకానిక్. పని మానేసి దిగాడు. 2016లో డెడ్‌లిఫ్ట్‌లో, అంటే నేల మీది బరువుని పట్టుకుని నిటారుగా నిలబడే పందెంలో, 500 కిలోలు లేపాడు, మరుసటేడు ప్రపంచ టైటిల్ కొట్టాడు. రెండు పడవల మీద కాళ్లు పెట్టినోడు ఏ గట్టుకూ చేరడు.

దుబాయ్_నెల్లూరోడు:
సుడిగాలీ, నువ్వు చెప్పింది సగమే అబ్బయా. ఎడ్డీ హాల్ మెకానిక్ పని మానింది వాళ్ల దేశంలో టైటిళ్లు గెలిచి, స్పాన్సర్లు వచ్చినాక. రాకముందు కాదు. పగలు పాన, సాయంత్రం బరువులు, అట్టా ఏళ్లు గడిపినోడు.

అన్నా, నేను చాన్నాళ్లుగా ఈ పోటీలు వదలకుండా చూస్తా ఉండా. తెలిసింది చెప్తా, ఓపిగ్గా చదువు. ఈ పోటీ 1977లో అమెరికాలో టీవీ కోసం మొదలైంది. అప్పుడొచ్చిన వాళ్లంతా వేరే ఆటల మనుషులు. మొదటి విజేత బ్రూస్ విల్‌హెల్మ్ వెయిట్‌లిఫ్టర్. బాడీబిల్డర్ ఫ్రాంకో కొలంబు ఫ్రిజ్‌ని వీపున వేసుకుని పరిగెత్తే పందెంలో మోకాలు విరగ్గొట్టుకున్నాడు, టీవీ కెమెరాల ముందే. దీన్ని ఒక వృత్తిగా చేసుకోవటం తర్వాత తర్వాత వచ్చిన సంగతి. బిల్ కాజ్‌మాయర్ 1980, 1981, 1982లో వరసగా మూడుసార్లు గెలిచాడు. ఐస్‌లాండ్ మనిషి యోన్ పాల్ సిగ్మార్సన్ నాలుగు సార్లు, అదే దేశానికి చెందిన మాగ్నుస్ వేర్ మాగ్నుసన్ నాలుగు సార్లు, 2018లో హాఫ్‌థోర్ బ్యోర్న్‌సన్ ఒకసారి. మన నెల్లూరు టౌన్లో ఉన్నంత జనం కూడా లేని దేశం అది, మొత్తం తొమ్మిది టైటిళ్లు తీసుకుపోయింది. పోలండు మారియుష్ పుద్జియానోవ్‌స్కీ ఒక్కడే ఐదు గెలిచాడు, 2002 నుంచి 2008 మధ్యలో. ఆ లెక్కని ఇంకా ఎవరూ దాటలేదు.

ఇక నువ్వడిగిన డబ్బు సంగతి. బహుమతి సొమ్ము ఒక్కదానితో ఇల్లు నడుపుకునేవాళ్లు పైవరసలో కూడా అరుదు. అమెరికా బ్రయాన్ షా నాలుగు టైటిళ్లు కొట్టినోడు, 2023లో రిటైరయ్యాడు. ఆయన సంపాదన యూట్యూబ్ చానెలు, సొంతంగా పెట్టిన పోటీ, అమ్మే సామాన్లు, వీటన్నిటి మీద నిలబడింది. పుద్జియానోవ్‌స్కీ 2009లో ఎంఎంఏ (బాక్సింగ్, కుస్తీ అన్నీ కలిసిన) పోరాటాలకి మారిపోయాడు. బ్యోర్న్‌సన్ మొదట బాస్కెట్‌బాల్ ఆడేవాడు, కాలి దెబ్బలతో అది ఆగిపోయి ఇటు వచ్చాడు, టీవీలో నటించాక లోకానికి తెలిశాడు. ఆటలో గెలుపు పేరు తెస్తుంది. ఆ పేరుని తర్వాత ఎట్టా వాడుకుంటావన్న దాంట్లో కూడు ఉంటుంది.

ఇంకొకటి చెప్పాలి. 2025లో గెలిచిన రేనో నెల్ దక్షిణాఫ్రికా మనిషి, ఆఫ్రికా నుంచి ఈ టైటిల్ గెలిచిన మొదటోడు. చదువుకి ఎలక్ట్రికల్ ఇంజినీరు. 2023లో గెలిచిన కెనడా మిచెల్ హూపర్, వ్యాయామంతో వైద్యం చేసే చదువు చదివి అదే పని చేసినోడు. చేతిలో ఇంకో విద్య ఉన్నోడు ఓడిపోయినా మళ్లీ వచ్చేడు పోటీకి రాగలడు. అది లేనోడు ఒక్క గాయంతో ఇంటికి పోతాడు. అందుకే అంటా ఉండా, పని మానిపించొద్దు.

గిత్తల_పిచ్చి:
నాది టంగుటూరు పక్క. నాకు స్ట్రాంగ్‌మ్యాన్ గురించి పెద్దగా తెలీదు, గిత్తల గురించి తెలుసు. బండలాగుడు పందేలకి మా ఇంట్లో జత మేపుతాం. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్లు అని పళ్లని బట్టి విభాగాలుంటాయి. ఇచ్చిన టైములో బండని ఎన్ని అడుగులు లాగిందనేదే లెక్క. చివర తిప్పుకునే కాడ ఒక గిత్త బద్ధకించిందా, పోయినట్టే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పందెం గిత్తని మా ఊళ్లో ఎవడూ అరకకి కట్టడు. బండికి కట్టడు. ఉలవలు పెడతాం, పత్తిగింజలు పెడతాం, చెరువులో ఈదిస్తాం, సాయంత్రం కాళ్లు రుద్దుతాం. పందేనికి ముందు విశ్రాంతి ఇస్తాం. మీ తమ్ముడు పొద్దంతా గ్రానైట్ పలకలు మోసి, రాత్రికి మళ్లీ రాయి ఎత్తుతాడు. గిత్తకి ఇచ్చే పాటి ఆలోచన మన ఇంటి పిల్లోడికి ఇవ్వకపోతే ఎట్టా?

ఇనపపట్టు:
గిత్తల అన్న చెప్పిన మాట ఈ చర్చ మొత్తానికి ఆయువుపట్టు. ఒంగోల్లో జిమ్ నడుపుతాను, పవర్‌లిఫ్టింగ్ చేశాను, పిల్లలకి నేర్పిస్తుంటాను. అదే మాటని నా భాషలో చెప్తాను.

బరువు ఎత్తినప్పుడు బలం రాదు. ఎత్తిన తర్వాత తిని పడుకున్నప్పుడు వస్తుంది. లోడింగు పని శిక్షణ కాదు. రోజంతా వంగి లేస్తుంటే నడుము అరుగుతుంది, కానీ ఏ ఒక్కసారీ బలం పెరిగేంత బరువు పడదు. పైగా ఆ అలసటతోనే సాయంత్రం పెద్ద బరువు ముట్టుకుంటే దెబ్బ తగిలేది అక్కడే. కాబట్టి నా సలహా: పని మానొద్దు, పని మార్చమనండి. అదే యూనిట్లో కటింగ్ మిషను మీద గానీ పాలిషింగ్ లైను మీద గానీ ఆపరేటరుగా నేర్చుకుంటే జీతం పోదు, నడుము మిగులుతుంది, చేతిలో విద్య కూడా ఉంటుంది.

రెండో సంగతి, బరువు తరగతి. టీవీలో కనిపించే వాళ్లు ఎక్కువమంది ఆరున్నర అడుగుల దరిదాపు ఎత్తు, 140 కిలోల నుంచి 180 పైదాకా ఉంటారు. 5 అడుగుల 10 అంగుళాల కుర్రాడు వాళ్లలాగా అవ్వాలని 150 కిలోలకి ఉబ్బితే మిగిలేది బీపీ. స్ట్రాంగ్‌మ్యాన్లో 80, 90, 105 కిలోల లోపు విభాగాలు కూడా ఉన్నాయి. 96 కిలోలు, పొట్ట లేదు అంటే అతను 105 లోపు మనిషి. అక్కడే ఉండాలి.

మూడోది, రాయి ఎత్తితే సరిపోదు. లాగ్ ప్రెస్ అంటే లావుపాటి దుంగ లాంటి గొట్టాన్ని ఛాతీ మీదకి తెచ్చి తలపైకి తొయ్యడం. యోక్ అంటే కావిడి లాంటి చట్రాన్ని భుజాల మీద వేసుకుని నడవటం. ఫార్మర్స్ వాక్ రెండు చేతుల్లో రెండు బరువులతో నడక. డెడ్‌లిఫ్ట్, లారీ లాగడం, చివర్న అట్లాస్ రాళ్లు, అంటే బంతిలా గుండ్రటి రాళ్లు ఎత్తడం. మన గుండు ఎత్తే కుర్రాళ్లకి నడుము, తుంటి బలంగా ఉంటాయి, తలపైకి తోసే బలం ఉండదు. ఎందుకంటే మన పందెంలో భుజం దాకానే పని. ప్రతి ఒక్కడిలో చూశాను ఇది. మీ తమ్ముడు గెలిచినా ఓడినా లాగ్ దగ్గరే.

సంగిడిరాయి:
నేను బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ణి. మా చిన్నతనంలో ప్రతి ఊళ్లో సంగిడీలు (బలం కోసం ఎత్తే రాళ్లు) ఉండేవి, ఇరుసు ఎత్తేవాళ్లు ఉండేవాళ్లు. పేట పేటకీ తాలింఖానా, అంటే వ్యాయామశాల. ఇప్పటి పిల్లలకి ఐస్‌లాండు పేర్లు నోటికొచ్చు, కోడి రామమూర్తి నాయుడు పేరు రాదు. వీరఘట్టంలో 1882లో పుట్టి, ఛాతీకి చుట్టిన గొలుసులు ఊపిరి బిగించి తెంపి, ఏనుగుని రొమ్ముమీద ఎక్కించుకుని, సొంత సర్కస్ కంపెనీతో దేశాలు తిరిగిన తెలుగువాడు. ఆయన చేసింది కూడా వృత్తే. టిక్కెట్టు పెట్టి బలాన్ని చూపించాడు.

కానీ నా బాధ వేరే ఉంది. పొదిలి అబ్బాయ్, మీ ఊరి గుండు బరువెంత?

పొదిలి_అన్న:
మాస్టారూ, ఒకటిన్నర క్వింటా అంటారు. మా తాత కాలం నుంచీ అదే మాట.

సంగిడిరాయి:
అంటారు. ఎవరూ తూచలేదు. నా బాధ అదే నాయనా. నేను చూసిన గుండ్లన్నిటికీ ఒక కథ ఉంది, కిలోలు లేవు. ఫలానా తాత ఎత్తాడు, ఫలానా ఊరివాడు కదపలేకపోయాడు. కిలోల లెక్క లేని బలం ఊరి పొలిమేర దాటదు. పై ఊరి కోచ్‌కి నువ్వు ఏమని చెప్తావు? మా తాత కంటే బలవంతుడనా?

దుబాయ్_నెల్లూరోడు:
మాస్టారు బంగారం లాంటి మాట చెప్పారు. ఐస్‌లాండు వాళ్లకీ మనకీ తేడా ఇదే. వాళ్ల దేశంలో ద్యూపలోన్ అనే సముద్రపు ఒడ్డున నాలుగు రాళ్లుంటాయి. 154 కిలోలు, 100, 54, 23. పడవలోకి కూలికి తీసుకునే ముందు జాలరిని ఆ రాళ్లతో పరీక్షించేవాళ్లు. హుసాఫెల్ రాయి అని ఇంకొకటి, 186 కిలోలు, దాన్ని వాటేసుకుని గొర్రెల దొడ్డి చుట్టూ నడవాలి. స్కాట్లండులో డిన్నీ రాళ్లు జత 332 కిలోల పైన, 1860లో డోనాల్డ్ డిన్నీ వంతెన మీదుగా మోసుకుపోయాడని చెప్తారు. ఇప్పటికీ ప్రపంచం నలుమూలల నుంచి పోయి వాటిని ఎత్తి వస్తా ఉండారు. అవీ పల్లెటూరి రాళ్లే సామీ. తూచి, బరువు రాసి, ఎవరెవరు ఎత్తారో చిట్టా పెట్టారు. అంతే తేడా.

కొత్తపట్నం_గాలి:
మాది సముద్రం ఒడ్డే. వల లాగే కాడ చూస్తే ఎవడి బలమెంతో తెలిసిపోద్ది. ఆ జాలర్ల రాళ్ల మాట ఇప్పుడే విన్నా. మా వోళ్లకి చదివి వినిపించా.

పినాకిని_తీరం:
నెల్లూరులో ఫిజియోథెరపిస్టుని. ఇక్కడ ఎవరూ గాయాల గురించి సరిగ్గా రాయలేదు కాబట్టి నేను రాస్తాను, కాస్త పెద్దదే అవుతుంది.

ఈ ఆటలో ఎక్కువగా తెగేది చేతి కండ, మోచేయి దగ్గర. ఎలా తెగుతుందో చెప్తాను. రాయి కింద చేతులు పెట్టి, మోచేతులు వంచి, చేతులతో లాగి లేపాలని చూస్తాం. అరచేతులు పైకి తిరిగి ఉంటాయి, బరువంతా బైసెప్స్ కండని ఎముకకి కట్టి ఉంచే స్నాయువు మీద పడుతుంది. పట్ మని చప్పుడు వస్తుంది, కండ భుజం వైపుకి ముడుచుకుపోతుంది. ఆపరేషన్ త్వరగా చేయించుకోవాలి, రోజులు గడిస్తే కుట్టడం కష్టమవుతుంది. తర్వాత నెలల తరబడి బరువు ముట్టుకోకూడదు. పెద్ద టైరు తిరగేసేటప్పుడు కూడా ఇదే ప్రమాదం. క్వారీ డంపర్ల పాత టైర్లు మీ వైపు బోలెడు దొరుకుతాయి, కుర్రాళ్లు సరదాగా తిరగేస్తుంటారు. టైరుకి ఛాతీ ఆనించి కాళ్లతో తొయ్యాలి తప్ప చేతులతో ఎత్తకూడదు.

రాయి అయితే: కాళ్ల మధ్య పెట్టుకుని, చేతుల్ని తాళ్లలాగా చాచి ఉంచి, వేళ్లు కిందకి పోనిచ్చి, తుంటితో లేపాలి. ముందు ఒడిలోకి తెచ్చుకుని కూర్చోవాలి. అక్కడ చేతులు మార్చి పైనుంచి వాటేసుకుని, అప్పుడు తుంటిని ఒక్కసారిగా ముందుకి తోస్తూ ఛాతీ మీదుగా దొర్లించాలి. ఒడిలో కూర్చోబెట్టుకోకుండా నేల నుంచి నేరుగా భుజానికి గుంజేవాళ్లకే చేతులు తెగుతాయి.

గుండె సంగతి కూడా అమ్మానాన్నలకి చెప్పండి. యోన్ పాల్ సిగ్మార్సన్ 1993లో చనిపోయేనాటికి 32 ఏళ్లు. డెడ్‌లిఫ్ట్ చేస్తూ జిమ్ములోనే పోయాడు. ఎడ్డీ హాల్ 500 కిలోలు ఎత్తాక ముక్కునుంచి రక్తం కారింది, కాసేపు చూపు సరిగా ఆనలేదని తనే చెప్పాడు. 2017లో గెలిచినప్పుడు 190 కిలోల పైన ఉన్నాడు, రాత్రి ముక్కుకి గాలి మిషను పెట్టుకుంటే తప్ప నిద్ర లేదు. టైటిల్ గెలిచిన వెంటనే ఆ పోటీ వదిలేసి బరువు తగ్గాడు. నా దృష్టిలో ఆయన చేసిన మంచి పనుల్లో అదొకటి.

ఇంజెక్షన్ల గురించి ఒక్క మాటే. జిమ్ములో ఎవరైనా సీసా చూపించి ఆరునెలల్లో చేస్తానంటే ఆ జిమ్ము మెట్లు దిగిపోమనండి. గుండె గోడ మందమవుతుంది, మళ్లీ పూర్తిగా మామూలవుతుందన్న నమ్మకం లేదు. బీపీ, షుగరు, ఈసీజీ, ఎకో ఇప్పుడే ఒకసారి చేయించి కాగితాలు దాచండి. తర్వాత పోల్చుకోవడానికి అవే ఆధారం.

కావలి_సుడిగాలి:
మేడం, ఇంత భయపెడితే ఎవడైనా ఆడతాడా? క్రికెట్లో దెబ్బలు తగలవా?

పినాకిని_తీరం:
తగులుతాయి తమ్ముడూ. క్రికెటర్‌కి పక్కన ఫిజియో ఉంటాడు, ఇన్సూరెన్స్ ఉంటుంది, దెబ్బ తగిలితే జీతం ఆగదు. లోడింగు చేసే కుర్రాడికి చెయ్యి తెగితే అటు ఆటా పోతుంది, ఇటు కూలీ పోతుంది. నేను ఆడొద్దనలేదు. అతని శరీరమే ఇంటికి ఆదాయం కాబట్టి జాగ్రత్త రెట్టింపు ఉండాలంటున్నాను.

బుచ్చి_అమ్మాయి:
నాది బుచ్చిరెడ్డిపాళెం. వెయిట్‌లిఫ్టింగ్ చేసుండా, కాబట్టి ఇంకో దారి చెప్తా. ఉద్యోగం కావాలంటే ఒలింపిక్ ఆట వైపు చూడమనండన్నా. స్ట్రాంగ్‌మ్యాన్ ఒలింపిక్స్‌లో లేదు. వెయిట్‌లిఫ్టింగ్ ఉంది. రైల్వేలు, సర్వీసెస్, పోలీసులు స్పోర్ట్స్ కోటాలో తీసుకుంటారు. శ్రీకాకుళం కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది, ఫుడ్ కార్పొరేషన్‌లో (ఎఫ్‌సీఐ) అధికారి అయ్యింది. మీకు దగ్గర్లోనే చీరాల పక్క స్టువర్ట్‌పురం రాగాల వెంకట రాహుల్ 2014 యూత్ ఒలింపిక్స్‌లో రజతం, 2018 కామన్వెల్త్‌లో 338 కిలోలతో స్వర్ణం తెచ్చాడు. ఇవి మన కళ్ల ముందు జరిగినవి.

ఇనపపట్టు:
అమ్మాయి చెప్పింది నిజం, కానీ 24 ఏళ్లకి వెయిట్‌లిఫ్టింగ్ మొదలుపెట్టి కోటా ఉద్యోగం దాకా పోవడం కష్టం. రాహుల్ లాంటివాళ్లు చిన్నపిల్లలుగా హాస్టల్లో చేరి మొదలుపెట్టారు. 14 ఏళ్ల పిల్లాడైతే నేనూ వెయిట్‌లిఫ్టింగే అనేవాణ్ణి. ఇతనికి స్ట్రాంగ్‌మ్యానే నయం. ఇందులో 30 దాటాక బలం పెరిగినవాళ్లు ఉన్నారు. లిథువేనియా జిడ్రూనస్ సావికస్ 1975లో పుట్టాడు, 2014లో ప్రపంచ టైటిల్ గెలిచాడు. లెక్క వేసుకోండి. తొందర లేదు.

దుబాయ్_నెల్లూరోడు:
అవును, సావికస్ 2015లో 228 కిలోల లాగ్ తలపైకి లేపాడు. ఇంక ఎవరి వల్లా కాదనుకున్నారు. 2021లో బుర్కినా ఫాసో మనిషి ఐరన్ బిబీ 229 లేపాడు. ఆ దేశం మ్యాపులో చూపించమంటే మనలో ఎంతమంది చూపిస్తాం? కాబట్టి పొదిలి నుంచా, చీమకుర్తి నుంచా అని చిన్నబోయే పని లేదు.

పొదిలి_అన్న:
అందరికీ దండాలు. మీ మాటలన్నీ తమ్ముడికి చదివి వినిపించా. మాస్టారు అన్న మాట వాడికి బాగా తగిలింది. ఆ ఆదివారమే నలుగురం కలిసి గుండుని ట్రాక్టరులో వేసుకుని, పొగాకు బేళ్లు తూచే కాటా ఉన్న ఒక గోడౌనుకి పోయాం. గుండు దొర్లకుండా కింద గోనెపట్టా వేసి, దాని బరువు ముందే తూచి, తీసేసి లెక్క కట్టాం. 118 కిలోలు వచ్చింది.

ఊళ్లో చెప్తే ఇద్దరు పెద్దోళ్లు కోప్పడ్డారు, కాటా తప్పన్నారు. మళ్లీ తూచాం. 118. తమ్ముడికి మొదట ముఖం మాడింది. ఒకటిన్నర క్వింటా ఎత్తుతున్నాననుకున్నాడు పాపం.

ఇనపపట్టు:
ముఖం మాడాల్సిన పనేం లేదని చెప్పండి. పోటీల్లో అట్లాస్ రాళ్లని ఎక్కువగా ఎత్తైన దిమ్మె మీద పెడతారు. నేల నుంచి భుజం మీదకెక్కించడం అంతకంటే కష్టం. 96 కిలోల మనిషి, పట్టు కోసం చేతులకి జిగురు పూసుకోకుండా, ఎవరూ నేర్పకుండా 118 కిలోల ఎగుడుదిగుడు రాయిని భుజానికెత్తాడంటే అది మంచి బలమే. ఒకటిన్నర క్వింటా అనే మాట నాకు ఉపయోగపడదు, 118 ఉపయోగపడుతుంది. రేపు 124 ఎత్తితే ఆరు కిలోలు పెరిగాడని రాసుకోగలను.

సంగిడిరాయి:
ఆ గుండు మీద 118 అని చెక్కించండి. రంగు వేస్తే రెండేళ్లలో పోతుంది. చెక్కించండి.

కొత్తపట్నం_గాలి:
తిండి ఎవరూ చెప్పలేదు. మాంసం రోజూ కొనాలంటే మన లాంటోళ్లకి అయ్యే పనేనా?

ఇనపపట్టు:
బ్రయాన్ షా తిండి వీడియోలు చూసి భయపడొద్దు. అది 200 కిలోల దాకా ఉన్న మనిషి తిండి. 96 కిలోల మనిషికి రోజుకి 150 నుంచి 190 గ్రాముల ప్రొటీన్ సరిపోతుంది. గుడ్డుకి ఆరు గ్రాములు. పది గుడ్లంటే 60. ఒంగోలు, కొత్తపట్నం వైపు చేప చవగ్గా దొరికే రోజులుంటాయి, ఆ రోజు కడుపునిండా తినమనండి. ఉలవల్లో బరువులో అయిదో వంతుకి పైగా ప్రొటీనే, గిత్తకి పెట్టేది మనిషికీ పనికొస్తుంది, ఉడకబెట్టి గుగ్గిళ్లు చేసి పెట్టండి. పెరుగు, పప్పు ఇంట్లో ఉండేవే. అన్నం తగ్గించొద్దు, సంగటి తినే అలవాటుంటే ఇంకా మంచిది. పౌడరు డబ్బా కొనే డబ్బు గుడ్లకి పెట్టండి.

గిత్తల_పిచ్చి:
ఉలవలు మా ఇంటి నుంచి పంపిస్తా. అడ్రసు మెసేజిలో పెట్టు.

పొదిలి_అన్న:
అన్నా, నీ రుణం తీర్చుకోలేను. ఇంకో సంగతి. తమ్ముడు సూపర్‌వైజర్‌తో మాట్లాడాడు. వచ్చే నెల నుంచి పాలిషింగ్ లైను మీద నేర్చుకోడానికి ఒప్పుకున్నారు, మొదట్లో జీతం కాస్త తక్కువ. నాయన సరేనన్నాడు. అమ్మ మాత్రం ఆ ఈసీజీ కాగితం చూసినాకే ఊపిరి పీల్చుకుంది.

ఇప్పుడు సామాను గురించి చెప్పండి. గుండ్రటి అట్లాస్ రాళ్లు కావాలంట వాడికి. చీమకుర్తిలో రాయికి కొదవ లేదు, గ్రానైట్‌తోనే చెక్కిస్తే?

ఇనపపట్టు:
వద్దు. రెండు కారణాలు. పోటీల రాళ్లు ఎక్కువగా సిమెంటు కాంక్రీటువే. 18 అంగుళాల వ్యాసం ఉన్న కాంక్రీటు బంతి 118 కిలోల దగ్గర తూగుతుంది. అదే సైజు చీమకుర్తి నల్లరాయితో చేస్తే 145 దాటుతుంది. వాటేసుకునే కొలత అలవాటవుతుంది, బరువు మాత్రం తేడా పడుతుంది. రెండోది, పాలిష్ చేసిన గ్రానైట్ జారుతుంది. కాలిమీద పడిందంటే వేళ్లు మిగలవు. ఎంత గరుకుగా వదిలేసినా కాంక్రీటు పట్టు రాదు.

ఫైబర్ అచ్చు దొరుకుతుంది. 16 అంగుళాలది ఒకటి, 18 అంగుళాలది ఒకటి పోసుకుంటే ఏడాదికి చాలు. 16 అంగుళాలది 83 కిలోల దాకా ఉంటుంది, దానితోనే పద్ధతి నేర్చుకోవాలి. పోసేటప్పుడు అచ్చుని బయటి నుంచి కొడుతూ గాలి బుడగలు పైకి రానివ్వాలి. అచ్చు ఇప్పాక కనీసం మూడు వారాలు తడి గోనె కప్పి ఉంచాలి. తొందరపడి ఎత్తి పడేస్తే రెండు ముక్కలవుతుంది. కింద ఇసక పోయండి, పాత టైరు పరిచి దానిమీద పడేలా చూడండి. లాగ్‌కి లావుపాటి ఇనప గొట్టం తెచ్చి, లోపల చేతిపిడులు పెట్టి వెల్డింగ్ చేయించొచ్చు, చేయించాక తప్పకుండా ఖాళీ బరువు తూచి దానిమీదే రాయించండి. మాస్టారు చెప్పింది ఇక్కడ కూడా వర్తిస్తుంది.

పొదిలి_అన్న:
వీడియోల్లో చేతులకి ఏదో జిగురు పూసుకుంటున్నారు. అది కొనాలా?

ఇనపపట్టు:
ఇప్పుడు అక్కర్లేదు. అది చెట్టు బంకతో చేసే జిగురు, ఎండ ఎక్కువైతే కరిగి నీళ్లలా జారుతుంది. మన ఒంగోలు ఎండకి మోచేతి దాకా కారి, పట్టు ఉండదు సరిగదా, చర్మం లాగేస్తుంది. చలిదేశాల్లో ఒక రకం, వేడికి ఇంకో రకం వాడతారు. మొదటి ఏడాది వట్టి చేతులతో, ముంజేతులకి పొడుగు చేతుల బట్ట వేసుకుని నేర్చుకోనివ్వండి. పోటీకి పోయే ముందు జిగురు అలవాటు చేద్దాం. వదిలించుకోడానికి కొబ్బరినూనె సరిపోతుంది.

సాధన తెల్లారుజామునే పెట్టుకోమనండి, ఏడు దాటకముందే అయిపోవాలి. వారానికి నాలుగు రోజులు చాలు, అందులో రాయి ఒక్కరోజే. నా దగ్గరికి వచ్చేటప్పుడు ఈ నాలుగు అంకెలు రాయించి తీసుకురండి: నేల నుంచి ఒకేసారి ఎత్తగలిగిన డెడ్‌లిఫ్ట్, తలపైకి తోయగలిగిన బరువు, రెండు చేతుల్లో పట్టుకుని 20 మీటర్లు నడవగలిగిన బరువు, ఛాతీ మీదకి తెచ్చిన రాయి. అన్నీ కాటా మీద తూచినవే. వచ్చే ఆదివారం జిమ్ముకి తీసుకురండి, డబ్బు వద్దు. మొదట లాగ్ ఎట్లా పట్టుకుంటాడో చూస్తాను.